రిటైరై సాగులోకి వచ్చారా? ముందస్తు పన్ను వడ్డీ మీద పడకుండా చూసుకోండి

ఉద్యోగ విరమణ తర్వాత సొంతూరికి వచ్చి, రెండు మూడు ఎకరాలు సాగు చేసుకుంటున్నవారు మన పల్లెల్లో చాలామందే ఉన్నారు. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆదాయపు పన్ను గురించి పెద్దగా ఆలోచించే పని ఉండదు. జీతంలోంచి నెలనెలా ఆఫీసువాళ్లే కోసి కడతారు. రిటైరైన మర్నాటి నుంచి ఆ లెక్క మన చేతికి వస్తుంది. ఈ సంగతి చాలామందికి రిటర్ను వేశాక, ఆదాయపు పన్ను శాఖ నుంచి '234బీ, 234సీ కింద వడ్డీ చెల్లించండి' అని నోటీసు వచ్చినప్పుడే తెలుస్తుంది.

ఆ వడ్డీ ఎవరికి పడుతుంది, ఎవరికి పడదు, పడకుండా ఏం చేయాలి, పడితే ఏం చేయాలి అన్నవి ఇక్కడ వరుసగా తెలుసుకుందాం. ఇందులోని లెక్కలు 2025-26 ఆర్థిక సంవత్సరానికి, కొత్త పన్ను విధానం ప్రకారం ఇచ్చినవి. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం-2025 అమల్లోకి వచ్చింది. అందులో సెక్షన్ల నంబర్లు మారాయి. ఇక్కడ చెప్పినవి 1961 చట్టంలోని నంబర్లు.

ముందస్తు పన్ను అంటే ఏమిటి?

ఏడాది మొత్తం మీద మీకు పడే పన్నులోంచి టీడీఎస్ రూపంలో ఇప్పటికే కోసింది తీసేయండి. మిగిలింది రూ.10,000 లేదా అంతకు మించి ఉంటే, దాన్ని ఆ ఏడాదిలోనే వాయిదాల్లో కట్టాలి. ఇదే ముందస్తు పన్ను, అంటే అడ్వాన్స్ ట్యాక్స్. వాయిదాలు ఇవి:

- జూన్ 15 నాటికి 15 శాతం
- సెప్టెంబరు 15 నాటికి మొత్తం 45 శాతం
- డిసెంబరు 15 నాటికి మొత్తం 75 శాతం
- మార్చి 15 నాటికి 100 శాతం

మార్చి 15 దాటినా, మార్చి 31 లోపు కట్టింది కూడా ముందస్తు పన్ను కిందే జమ అవుతుంది.

కట్టకపోతే రెండు రకాల వడ్డీ పడుతుంది. వాయిదా తప్పినందుకు 234సీ కింద నెలకు 1 శాతం. మొదటి మూడు వాయిదాల్లో ఏది తగ్గినా మూడు నెలల వడ్డీ, చివరి వాయిదా తగ్గితే ఒక నెల వడ్డీ వేస్తారు. మార్చి 31 నాటికి కట్టాల్సిన దాంట్లో 90 శాతం కూడా కట్టకపోతే 234బీ కింద ఏప్రిల్ 1 నుంచి నెలకు 1 శాతం వడ్డీ మొదలవుతుంది. నెలలో ఒక్క రోజు గడిచినా పూర్తి నెల కిందే లెక్క. రెండూ బారువడ్డీలే, చక్రవడ్డీ కాదు.

మీకు వర్తిస్తుందా? మూడు ప్రశ్నలు వేసుకోండి

ఒకటి: మీకు 60 ఏళ్లు నిండాయా?

రెండు: వ్యాపార ఆదాయం ఏమైనా ఉందా?

మూడు: టీడీఎస్ పోగా కట్టాల్సిన పన్ను రూ.10,000 లేదా అంతకు మించి ఉందా?

దేశంలో నివసించే 60 ఏళ్లు నిండిన వ్యక్తికి వ్యాపారం లేదా వృత్తి నుంచి ఆదాయం లేకపోతే ముందస్తు పన్ను కట్టాల్సిన అవసరం లేదు. సెక్షన్ 207 ఈ వెసులుబాటు ఇచ్చింది. ఆ ఆర్థిక సంవత్సరంలో ఏ రోజు 60 నిండినా చాలు. మార్చి 31న నిండినా ఆ ఏడాది మొత్తానికీ వెసులుబాటు వర్తిస్తుంది. పన్ను ఎంత ఉన్నా, రిటర్ను గడువులోపు ఒకేసారి కట్టేస్తే 234బీ, 234సీ వడ్డీలు పడవు.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగుల విరమణ వయసు 62, తెలంగాణలో 61. కాబట్టి పూర్తి సర్వీసు చేసి దిగినవారిలో చాలామంది రిటైరయ్యేనాటికే ఈ వెసులుబాటులో ఉంటారు. జాగ్రత్త పడాల్సింది ఈ కిందివారు:

- సైన్యం నుంచి 40, 50 ఏళ్లకే వచ్చేసి సాగు చేసుకుంటున్న మాజీ సైనికులు
- ముందే స్వచ్ఛంద విరమణ తీసుకున్నవారు
- భర్త చనిపోయాక ఫ్యామిలీ పెన్షన్ అందుకుంటున్న, 60 ఏళ్లు నిండని మహిళలు
- 60 దాటినా ఏదో ఒక చిన్న వ్యాపారం ఉన్నవారు

ఫ్యామిలీ పెన్షన్ విషయంలో ఇంకో మెలిక ఉంది. దాన్ని జీతంగా కాక 'ఇతర ఆదాయం'గా లెక్కిస్తారు. అందువల్ల మామూలు పెన్షన్‌లో కోసినట్టు ఇందులో టీడీఎస్ కోయరు. పన్ను పడేంత ఆదాయం ఉంటే ఆమే లెక్క చూసుకుని కట్టుకోవాలి. కొత్త విధానంలో ఫ్యామిలీ పెన్షన్‌లో మూడో వంతు లేదా రూ.25,000, ఏది తక్కువైతే అది మినహాయిస్తారు.

ఏది సాగు, ఏది వ్యాపారం?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఊళ్లో అన్నిటినీ కలిపి 'వ్యవసాయం' అంటాం. చట్టం అలా చూడదు.

సాగు ఆదాయం కిందికి వచ్చేవి: పొలంలో పండించిన పంట అమ్మగా వచ్చిన డబ్బు, సాగు భూమి మీద వచ్చే కౌలు, నర్సరీలో పెంచిన నారు, మొక్కల అమ్మకం. వీటికి ఆదాయపు పన్ను లేదు.

వ్యాపార ఆదాయం కిందికి వచ్చేవి: పాడి పశువులు పెట్టుకుని కేంద్రానికి పాలు పోయడం, కోళ్ల ఫారం, చేపల లేదా రొయ్యల పెంపకం, ట్రాక్టరునో కోత మిషన్‌నో కిరాయికి తిప్పడం, ఎరువులు, పురుగుమందుల దుకాణం, ధాన్యం కమీషన్ వ్యాపారం.

కాబట్టి 65 ఏళ్ల పెన్షనరు వరి మాత్రమే వేసుకుంటే ముందస్తు పన్ను బాధ్యత లేదు. ఆయనే నాలుగు గేదెలు పెట్టి పాల వ్యాపారం చేస్తుంటే 60 ఏళ్ల వెసులుబాటు పోతుంది. అప్పుడు పాల ఆదాయం మీద పడే పన్నుకే కాదు, పెన్షన్, బ్యాంకు వడ్డీ అన్నీ కలిపి పడే పన్నుకూ వాయిదాలు వర్తిస్తాయి. అయితే మూడో ప్రశ్న మరచిపోవద్దు. కట్టాల్సింది రూ.10,000 కంటే తక్కువైతే వాయిదాల గొడవే లేదు.

చిన్న వ్యాపారులకు ఒక సౌలభ్యం ఉంది. సెక్షన్ 44ఏడీ కింద, పుస్తకాలు రాయకుండా అమ్మకాల్లో ఇంత శాతం లాభం అని చూపించేవారు నాలుగు వాయిదాలు కట్టనక్కర్లేదు. మార్చి 15 లోపు ఒకేసారి మొత్తం కడితే సరిపోతుంది.

ఒకే స్థలం, ఒకే లాభం, ఇద్దరికి రెండు లెక్కలు

ఉదాహరణకు ఉద్యోగంలో ఉండగా కొన్న ఇళ్ల స్థలాన్ని ఒకరు 2025 ఆగస్టులో అమ్మారు అనుకుందాం. కొన్నది రూ.8 లక్షలకు, అమ్మింది రూ.20 లక్షలకు. లాభం రూ.12 లక్షలు. రెండేళ్లకు పైగా చేతిలో ఉన్న స్థలం కాబట్టి 12.5 శాతం చొప్పున రూ.1,50,000, దాని మీద 4 శాతం సెస్సు కలిపి రూ.1,56,000 పన్ను. రూ.12 లక్షల లోపు ఆదాయానికి ఇచ్చే రిబేటు ఈ రకం పన్నుకు వర్తించదు. అమ్మకం విలువ రూ.50 లక్షల లోపు కాబట్టి కొన్నవారు టీడీఎస్ కూడా కోయరు. ఏడాదికి పెన్షన్ రూ.4.75 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ రూ.75,000 పోగా రూ.4 లక్షలు. దాని మీద పన్ను లేదు. మిగతాది సాగు ఆదాయం.

ఆయన వయసు 57 అనుకోండి. ఏడాదిలో ఏమీ కట్టకుండా 2026 జూలై 20న రిటర్నుతోపాటు పన్ను కట్టారు. వడ్డీ ఇలా పడుతుంది:

- సెప్టెంబరు వాయిదా రూ.70,200 మీద మూడు నెలలకు రూ.2,106
- డిసెంబరు వాయిదా రూ.1,17,000 మీద మూడు నెలలకు రూ.3,510
- మార్చి వాయిదా రూ.1,56,000 మీద ఒక నెలకు రూ.1,560
- ఏప్రిల్ నుంచి జూలై వరకు నాలుగు నెలలకు 234బీ వడ్డీ రూ.6,240

మొత్తం రూ.13,416. జూన్ వాయిదా నాటికి స్థలం ఇంకా అమ్మలేదు కాబట్టి దానికి వడ్డీ లేదు. ఆగస్టులో డబ్బు చేతికి రాగానే వాయిదాల ప్రకారం కట్టి ఉంటే ఈ పదమూడు వేలూ మిగిలేవి.

ఇప్పుడు అదే వ్యక్తికి 61 ఏళ్లు, వ్యాపారం ఏదీ లేదు అనుకోండి. అదే జూలై 20న అదే రూ.1,56,000 కడితే వడ్డీ ఒక్క రూపాయి కూడా పడదు. వయసు, వ్యాపారం ఈ రెండింటి వల్లే ఇంత తేడా వస్తుంది.

భూమి అమ్మేవారు ఇంకో విషయం గమనించాలి. పల్లె ప్రాంతంలోని సాగుభూమి అమ్మితే లాభం మీద పన్ను లేదు. కానీ జనాభా పదివేలు, ఆపైన ఉన్న మున్సిపాలిటీ పరిధిలోని భూమి ఈ లెక్కలోకి రాదు. పరిధి బయట కూడా దూరం చూస్తారు. పట్టణ జనాభా పదివేలు దాటి లక్ష వరకు ఉంటే 2 కిలోమీటర్లు, లక్ష దాటి పది లక్షల వరకు ఉంటే 6 కిలోమీటర్లు, పది లక్షలు దాటితే 8 కిలోమీటర్లు. ఈ దూరాన్ని రోడ్డు వెంట కాకుండా తిన్నగా గీత గీసినట్టు కొలుస్తారు. పట్టణం పక్కన పొలం ఉన్నవారు అమ్మకానికి ముందే ఇది సరిచూసుకోవాలి. అలాంటి సాగుభూమి అమ్మి రెండేళ్లలోపు మళ్లీ సాగుభూమి కొంటే సెక్షన్ 54బీ కింద మినహాయింపు అడగవచ్చు.

'12 లక్షల వరకు పన్ను లేదు కదా' అనుకునేవారికి

కొత్త విధానంలో మొత్తం ఆదాయం రూ.12 లక్షల లోపు ఉంటే రూ.60,000 వరకు రిబేటు వస్తుంది. అందుకే చాలామంది చిన్న పెన్షనర్లకు పన్నే పడదు, వడ్డీ ప్రశ్నా రాదు. కానీ పెన్షన్, డిపాజిట్ల మీద వడ్డీ బాగా ఉండి, సాగు ఆదాయం కూడా ఉన్నవారికి ఈ మాట పూర్తిగా వర్తించదు.

సాగు ఆదాయానికి పన్ను లేకపోయినా, అది ఏడాదికి రూ.5,000 దాటి, మిగతా ఆదాయం రూ.4 లక్షలు దాటితే, పన్ను రేటు తేల్చడానికి దాన్ని కలిపి చూస్తారు. లెక్క ఇలా ఉంటుంది. మినహాయింపులు పోగా పెన్షన్ రూ.7 లక్షలు, డిపాజిట్ల వడ్డీ రూ.4 లక్షలు, ఖర్చులు పోగా సాగు మీద మిగిలింది రూ.3 లక్షలు అనుకుందాం.

- అన్నీ కలిపితే రూ.14 లక్షలు. దీని మీద పన్ను రూ.90,000
- రూ.4 లక్షల మినహాయింపు, సాగు ఆదాయం రూ.3 లక్షలు కలిపితే రూ.7 లక్షలు. దీని మీద పన్ను రూ.15,000
- రెండింటి తేడా రూ.75,000
- రిబేటు రూ.60,000 తీసేస్తే రూ.15,000
- సెస్సు కలిపి కట్టాల్సింది రూ.15,600

అంటే పన్ను పడే ఆదాయం రూ.11 లక్షలే అయినా పన్ను మిగిలింది. బ్యాంకు ఇప్పటికే టీడీఎస్ కోసి ఉంటే అది ఇందులోంచి పోతుంది. ఎక్కువ కోసి ఉంటే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. '12 లక్షల లోపే కదా' అని 15హెచ్ ఫారం ఇచ్చి టీడీఎస్ ఆపించుకుంటే మాత్రం ఇదంతా మీరే కట్టాలి. ఏడాది మొత్తానికి పన్ను సున్నా అని తేలినప్పుడే 15హెచ్ ఇవ్వాలి.

ఇలాంటివారు ఐటీఆర్-1 వేయకూడదు. సాగు ఆదాయం రూ.5,000 దాటితే, వ్యాపారం లేనివారు ఐటీఆర్-2 వేయాలి.

రిటైరైన ఏడాది ప్రత్యేకం

ఏడాది మధ్యలో రిటైరైతే ఆ ఒక్క ఏడాది లెక్క జాగ్రత్తగా చూసుకోవాలి. రిటైరయ్యే నెల వరకు ఇచ్చిన జీతం చూసి ఆఫీసువారు టీడీఎస్ లెక్క కడతారు. ఆ తర్వాత పెన్షన్ ఇచ్చేవారు పెన్షన్ వరకే చూస్తారు. రూ.4 లక్షల మినహాయింపు, స్టాండర్డ్ డిడక్షన్, రిబేటు ఇద్దరూ విడివిడిగా ఇచ్చేస్తే ఎక్కడా పన్ను కోయకపోవచ్చు. రిటర్నులో రెండూ కలిసేసరికి పన్ను తేలుతుంది. దీనికి తోడు రిటైర్మెంట్ సొమ్ము డిపాజిట్ చేస్తే దాని వడ్డీ కూడా కలుస్తుంది. బ్యాంకు ఆ వడ్డీ మీద కోసేది 10 శాతమే. మీ శ్లాబు అంతకంటే ఎక్కువైతే మిగతాది మీరు కట్టాలి. 60 దాటినవారికి ఒక బ్యాంకులో ఏడాదికి లక్ష రూపాయల వడ్డీ దాటితేనే టీడీఎస్ కోస్తారు. డిపాజిట్లు నాలుగు బ్యాంకుల్లో పంచి పెట్టుకున్నవారికి ఎక్కడా కోత పడకపోవచ్చు. అంతమాత్రాన పన్ను లేనట్టు కాదు.

వడ్డీ పడకుండా ఏం చేయాలి?

- జూన్ మొదటి వారంలో ఒక కాగితం మీద ఆ ఏడాది పెన్షన్, బ్యాంకు వడ్డీ, వ్యాపార లాభం, సాగు మిగులు విడివిడిగా రాసుకోండి. సెప్టెంబరు, డిసెంబరు, మార్చిలో మళ్లీ చూసుకోండి.
- జూన్ వాయిదాలో 12 శాతం, సెప్టెంబరు నాటికి 36 శాతం కట్టి ఉన్నా 234సీ వడ్డీ వేయరు. అంచనా కొంచెం తప్పినా భయం లేదు.
- స్థలం, భూమి అమ్మకం లాంటి ముందుగా ఊహించలేని లాభం వస్తే, తర్వాత వచ్చే వాయిదాల్లో ఆ పన్ను కట్టండి. మార్చి 15 తర్వాత అమ్మితే మార్చి 31 లోపు కట్టండి. అలా కడితే అంతకుముందు వాయిదాలు తగ్గినందుకు వడ్డీ పడదు.
- 60 దాటి వ్యాపారం లేనివారు వాయిదాలు వదిలేయవచ్చు కానీ రిటర్ను గడువు వదలకూడదు. ఐటీఆర్-1, 2 వేసేవారికి ఇది సాధారణంగా జూలై 31. గడువు దాటితే కట్టని పన్ను మీద 234ఏ కింద నెలకు 1 శాతం వడ్డీ, దానికి తోడు ఆలస్య రుసుము రూ.5,000 వరకు పడతాయి. మొత్తం ఆదాయం రూ.5 లక్షల లోపైతే ఆ రుసుము రూ.1,000 మించదు.
- ఆదాయపు పన్ను వెబ్‌సైటులో 'ఈ-పే ట్యాక్స్' ద్వారా కట్టేటప్పుడు రకం సరిగా ఎంచుకోండి. ముందస్తు పన్నుకు 100, రిటర్ను సమయంలో కట్టేదానికి 300. సంవత్సరం దగ్గర మరీ జాగ్రత్త. 2025-26లో వచ్చిన ఆదాయానికి 'అసెస్‌మెంట్ ఇయర్ 2026-27' ఎంచుకోవాలి. 2026 ఏప్రిల్ నుంచి వచ్చే ఆదాయానికి కొత్త చట్టం ప్రకారం 'ట్యాక్స్ ఇయర్ 2026-27' ఎంచుకోవాలి. రెండింటిలోనూ అంకెలు ఒకటే కాబట్టి తారుమారయ్యే ప్రమాదం ఉంది.

నోటీసు వచ్చేసిందా? కంగారు పడకండి

రిటర్ను పరిశీలించాక 143(1) కింద ఒక తెలియజేత వస్తుంది. అందులో మీరు చూపిన లెక్క ఒక వరుసలో, శాఖ వేసిన లెక్క పక్క వరుసలో ఉంటాయి. కట్టేముందు ఈ నాలుగూ సరిచూడండి:

1. మీ పుట్టిన తేదీ సరిగా ఉందా? పాన్‌లో తేదీ తప్పుంటే 60 ఏళ్ల వెసులుబాటు లెక్కలోకి రాకపోవచ్చు.
2. వ్యాపారం లేకపోయినా రిటర్నులో వ్యాపార ఆదాయం చూపించారా? రిటర్ను వేసిపెట్టినవారు కౌలునో పంట డబ్బునో వ్యాపారం కింద రాసేస్తే వెసులుబాటు పోతుంది.
3. కట్టిన చలానాలు, కోసిన టీడీఎస్ అన్నీ 26ఏఎస్‌లో, రిటర్నులో కనిపిస్తున్నాయా?
4. స్థలం అమ్మకం లాభం ఏ తేదీల మధ్య వచ్చిందో రిటర్నులోని పట్టికలో నింపారా? అది తప్పుగా నింపితే జూన్ నుంచే వడ్డీ లెక్కకట్టే అవకాశం ఉంది.

తప్పు శాఖ లెక్కలో ఉన్నా, రిటర్ను నింపడంలో ఉన్నా, స్పష్టంగా కనిపించే పొరపాటైతే సెక్షన్ 154 కింద సవరణ కోరవచ్చు. వెబ్‌సైటులోనే అడగవచ్చు. ఆ ఉత్తర్వు వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక నాలుగేళ్ల వరకు గడువు ఉంటుంది. కానీ అంతవరకు ఆగవద్దు. డిమాండ్ నోటీసు అందాక 30 రోజుల్లో కట్టకపోతే దాని మీద మళ్లీ నెలకు 1 శాతం వడ్డీ మొదలవుతుంది. కాబట్టి ఆ 30 రోజుల్లోపే 'డిమాండ్‌తో ఏకీభవించడం లేదు' అని కారణంతో సహా వెబ్‌సైటులో జవాబు పెట్టండి. లెక్క నిజమైతే ఆలస్యం చేయకుండా కట్టేయండి. ఇది వడ్డీ మాత్రమే, నేరానికి వేసిన శిక్ష కాదు.

మాఫీ దొరుకుతుందా?

అమెరికాలో 62 ఏళ్లు నిండాక రిటైరైనవారు, రిటైరైన ఏడాది, ఆ తర్వాతి ఏడాది ఇలాంటి వాయిదాలు తప్పితే, తగిన కారణం చూపి మాఫీ కోరవచ్చు. పిల్లలు అక్కడ ఉన్నవారు ఈ మాట విని ఉండవచ్చు. మన చట్టంలో రిటైరయ్యారన్న కారణంతో మాఫీ లేదు. మనకు ఉన్నది 60 ఏళ్ల వెసులుబాటు. అది చీఫ్ కమిషనర్ స్థాయి అధికారికి మాత్రం కొన్ని సందర్భాల్లో వడ్డీ తగ్గించే, మాఫీ చేసే అధికారం ఉంది. ముందుగా ఊహించడానికి వీల్లేని ఆదాయం రావడం, లెక్క పుస్తకాలు శాఖ స్వాధీనంలో ఉండటం, తన చేతిలో లేని కారణాల వల్ల రిటర్ను ఆలస్యం కావడం లాంటివి ఆ సందర్భాలు. కారణానికి ఆధారం ఉంటేనే దరఖాస్తు పెట్టండి. 'నాకు తెలియదు' అన్న ఒక్క మాట చాలదు.

చివరగా

ఈ సంవత్సరానికి మీరు చేయాల్సింది మూడే పనులు. మీ వయసు, వ్యాపారం ఉందా లేదా అన్నది చూసుకుని వాయిదాలు వర్తిస్తాయో లేదో తేల్చుకోండి. పంట డబ్బును, పాల డబ్బును వేర్వేరు పేజీల్లో రాసుకోండి. భూమి గానీ స్థలం గానీ అమ్మినప్పుడు ఆ డబ్బు మొత్తం ఖర్చు పెట్టేయకుండా, డిపాజిట్ చేసేయకుండా పన్ను వాటా ముందే పక్కన పెట్టండి. రిటర్ను ఇంకొకరి చేత వేయిస్తున్నా, సంతకం మీదే కాబట్టి ఆదాయం ఏ కింద రాశారో చదివి చూడండి. అనుమానాలుంటే ఆదాయపు పన్ను శాఖ టోల్ ఫ్రీ నంబరు 1800 103 0025కు ఫోన్ చేయవచ్చు. పెద్ద మొత్తంలో లావాదేవీ ఉంటే అమ్మకానికి ముందే చార్టర్డ్ అకౌంటెంటును కలవడం మంచిది.